తేడా లేని జత

పేరయ్య ఒకే బొమ్మను రెండుసార్లు వేస్తే ఏది ముందు వేసిందో ఏది తర్వాత వేసిందో ఆయనకే తెలిసేది కాదు. ఈపురుపాలెంలో నలభై ఏళ్ళు ఆయన చేసిన పని అలాంటిది. జకార్డు మగ్గాలకు అట్టలు కొట్టడం. చీర అంచులో చిలక రావాలంటే ముందు ఆ చిలకను గళ్ళ కాగితం మీద గీస్తారు. ఒక్కో వరస గళ్ళకు ఒక్కో అట్ట. గడిలో రంగు ఉన్నచోట అట్టకు కంత పడాలి, లేనిచోట పడకూడదు. అట్టలన్నిటినీ దారంతో వరసగా కుట్టి మగ్గం మీద వేలాడదీస్తే, కంత ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టలు నలిగి చిరిగిపోయినప్పుడు పాతదాన్ని చూసి కొత్తది కొట్టాలి. కొట్టాక రెండింటినీ కలిపి వెలుతురుకు పట్టి చూడాలి. ప్రతి కంతలోంచీ వెలుగు కనపడితే రెండూ ఒకటే. ఈ పని నేర్పిన చలపతిరావుగారు చెప్పిన మొదటి మాటా అదే, చివరి మాటా అదే.

రెండేళ్ళ కిందట చీరాలలో ఒక షావుకారు కంప్యూటరుతో అట్టలు కొట్టే మిషను తెచ్చాడు. పేరయ్య నాలుగు రోజుల్లో కొట్టే అట్టల్ని అది ఒక పూటలో కొట్టేసింది. పేరయ్య వెళ్ళి, మిషను కొట్టిన అట్టను తన అట్ట మీద పెట్టి కిటికీకి పట్టి చూశాడు. తప్పు దొరకలేదు. బాగానే కొడుతోందని చెప్పి ఇంటికొచ్చేశాడు.

ఆ తర్వాత ఆరు నెలలు ఆయనకు పనిలేదు. ఆరేసిన చీరల అంచులు సమానంగా లేవని సర్దేవాడు. వంటింట్లో డబ్బాల మూతలు ఒకే వైపు తిరిగి లేవని తిప్పేవాడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే తనను కూడా అటూ ఇటూ జరిపి సరిచేస్తాడేమోనని భార్య నాగదుర్గ కూతురికి ఫోన్లో చెప్పింది. ఏదో ఒక పని చెప్పవే మీ నాన్నకి అంది.

కూతురు సాయి సుధ వేమూరు పక్కన కాలవ గట్టు మీద ఉన్న ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. ఆమెకు నిజంగానే పని ఉంది. సెంటరులో ఇరవై రెండు మంది పిల్లలు. పోలికలూ తేడాలూ నేర్పే బొమ్మల పుస్తకాలు వచ్చినవి రెండే రెండు. పుస్తకం మూడో వరసకు వెళ్ళేసరికి మొదటి వరస పిల్లలు లేచి కిటికీ ఎక్కేవారు. పైగా ఒక పేజీలో ఉన్ని టోపీలూ మెడకు మఫ్లర్లూ పెట్టుకున్న ఇద్దరు పిల్లలు మంచులో నిలబడి ఉంటారు. వాళ్ళిద్దరిలో తేడా ఏంటని అడిగితే, మా పిల్లలు వీళ్ళకు జ్వరం ఎప్పుడు తగ్గుతుందని అడిగారు నాన్నా అని చెప్పి నవ్వింది. అప్పటికి ఆమె సొంతంగా కొన్ని ఆటలు కనిపెట్టుకుంది. మినుములూ పెసలూ కలిపి పళ్ళెంలో పోసి విడదీయించేది. గుమ్మం దగ్గర పిల్లల చెప్పులన్నీ కుప్పపోసి జతలు కలపమనేది. కానీ బొమ్మలు లేవు.

పది జతలు కావాలని కాగితం మీద రాసి పంపింది. పడవ, అరటి గెల, సైకిలు, కోడిపెట్ట, మగ్గం, ఇలా. ఒక్కో జతలో రెండో బొమ్మకు ఒక్కటే తేడా ఉండాలి. ఏ తేడానో కూడా రాసింది.

పేరయ్య బాపట్లలో మంచి అట్ట కొనుక్కొచ్చి పది రోజులు కూర్చుని వేశాడు. పాత గళ్ళ కాగితాల మీద ముందు గీసుకుని, రెండు అట్టలూ కలిపి పట్టుకుని, గీత మలుపు తిరిగే ప్రతిచోటా సూదితో రెండింటికీ ఒకేసారి పొడిచేవాడు. ఆ సూది గుర్తులను పట్టుకుని రంగులు వేసేవాడు. పొద్దున్నే చీరాలలో పాసింజరెక్కి, తెనాలిలో దిగి ఇడ్లీ తిని, రేపల్లె బండి పట్టుకుని వేమూరులో దిగాడు. కూతురు అట్టలన్నీ నేలమీద పరిచి ఒక్కో జతా చూసింది.

"నాన్నా, వీటిలో తేడాలేవి?" అంది.

పదింటిలో ఆరు జతలకు తేడా లేదు. తెడ్డు లేకుండా వెయ్యాల్సిన పడవకు తెడ్డు ఉంది. బెల్లు లేకుండా వెయ్యాల్సిన సైకిలుకు బెల్లు ఉంది. వేసేటప్పుడు ఆయనకు తెలియలేదు. రెండోది మొదటిదానిలా లేకపోతే చెయ్యే దిద్దేసింది.

"నా చేతికి అలవాటు లేదమ్మా," అన్నాడు సిగ్గుపడుతూ.

ఆరు జతలూ మళ్ళీ వేశాడు. పదో జత వరి కంకి. అది పెద్ద పిల్లలకని సాయి సుధ ముందే చెప్పింది కాబట్టి కాస్త కష్టంగా వేశాడు. మొదటి కంకికి అరవై మూడు గింజలు, రెండోదానికి అరవై రెండు. కుడివైపు మూడో రెమ్మ చివర గింజ ఉండదు. మొదటిసారి తేడా సరిగ్గా పడిన నాలుగు జతల్లో అదొకటని ఆయన లెక్క. గళ్ళ కాగితం మీద ఆ గింజను తానే కొట్టేసిన సంగతి గుర్తుంది కాబట్టి మళ్ళీ చూడలేదు. సాయి సుధ కూడా ఆ గింజలు లెక్కపెట్టకుండా తండ్రి మాట నమ్మి, ప్రతి జత వెనకా జవాబు చిన్నగా రాసిపెట్టుకుంది.

నవంబరు నుంచి ఆ బొమ్మలతోనే సెంటరు నడిచింది. నెలకోసారి పేరయ్య కొత్త అట్టలు పట్టుకుని వచ్చేవాడు. గోడవారగా కూర్చుని పిల్లలు తన బొమ్మల మీద వేళ్ళు పెట్టి వెతుక్కోవడం చూసేవాడు. చీర మీద తాను కొట్టిన చిలకల్ని ఎవరు చూశారో ఆయనకు ఎప్పుడూ తెలియదు. ఇక్కడ ఎదురుగా చూస్తున్నారు. పిల్లలు ఆయన్ని అట్టల తాత అనేవారు. తిరుగు బండిలో ఆ పేరు తలచుకుని తనలో తాను నవ్వుకునేవాడు. నాకింత మంచి పని చెప్పింది నా కూతురు అని ఇంటికొచ్చి భార్యతో ఒకటికి రెండుసార్లు అనేవాడు.

జనవరిలో నాగజ్యోతి అనే పిల్ల సెంటరులో చేరింది. తండ్రి కోత మిషను నడుపుతాడు. భార్యనూ పిల్లనూ వెంటబెట్టుకుని చెరుకుపల్లి వైపు నుంచి మొదలుపెట్టి కోతలున్న ఊళ్ళన్నీ తిరుగుతుంటాడు. పిల్లకు ఆరో ఏడు వస్తోంది, ఎక్కడా నాలుగు నెలలు కుదురుగా కూర్చోలేదు. నాన్నమ్మ మాణిక్యాంబ గట్టిగా పట్టుబట్టి మనవరాలిని తన దగ్గర ఉంచుకుంది. జూన్‌లో ఒకటో తరగతిలో వెయ్యాలన్నది ఆమె పట్టుదల. ఇంకో ఏడాది చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే పిల్ల మందమని ఊళ్ళో పేరు పడిపోతుంది, ఆ పేరు ఒకసారి పడితే మళ్ళీ పోదు అని సాయి సుధతో చెప్పుకుని బాధపడింది.

నాగజ్యోతి మాట తక్కువ. ఏదడిగినా ఆలస్యంగా చెబుతుంది. ఏప్రిల్ నెలాఖరులో సూపర్‌వైజరు కనకదుర్గ రేపల్లె నుంచి వచ్చి, బడికి వెళ్ళే పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చూస్తుంది. ఎవరు వెళ్ళవచ్చో, ఎవరు ఇంకో ఏడాది ఆగాలో చెబుతుంది. అంతకుముందే టీచరు తన అభిప్రాయం రాసి పంపాలి.

ఆ నెల మూడో వారంలో పేరయ్య వచ్చేసరికి పిల్లలంతా చెప్పుల కుప్ప చుట్టూ గోల చేస్తున్నారు. నాగజ్యోతి ఒక్కతే మూలన కూర్చుని ఉంది. ఒళ్ళో వరి కంకి జత. నాలుగు రోజులుగా ఇదే వరస నాన్నా అని సాయి సుధ చెప్పింది. మిగతా పెద్దపిల్లలు ఆరుగురూ ఆ జతలో తేడా చూపించేశారు. ఈ పిల్ల లేదంది. మళ్ళీ చూడమంటే మళ్ళీ లేదంది. మూడోసారి కాస్త కసిరేసరికి ఇక అప్పట్నుంచి దేనికీ నోరు విప్పడం లేదు. ఇంకో ఏడాది ఉంచితే మంచిదని నిన్ననే రాసి పంపానని చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె మొహం బాగాలేదు.

పేరయ్య వెళ్ళి పిల్ల పక్కన కూర్చున్నాడు.

"ఏంటమ్మా, దొరకలేదా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"ఉంటుంది, నిదానంగా చూడు. నేనేగా వేసింది."

"లేదు తాతా."

"ఒక గింజ తక్కువ ఉంటుందమ్మా."

"లేదు. రెండూ ఒకటే."

ఏడుపు లేదు, పంతం లేదు. ఉన్నమాట చెబుతున్నట్టు చెప్పింది. అలాంటి గొంతును పేరయ్య ఇంతకుముందు ఒక్కసారే విన్నాడు. అది విని నలభై ఏళ్ళు దాటింది.

అప్పుడాయనకు ఇరవై రెండేళ్ళు. సొంతంగా అట్టలు కొట్టడం మొదలుపెట్టి ఏడాది. ఆయన కొట్టిన చిలకల అంచు అట్టలు రావమ్మ మగ్గం ఎక్కాయి. రావమ్మ ఆయనకంటే అయిదారేళ్ళు పెద్ద, మంచి నేతగత్తె. రెండు చీరలు దిగాక చూస్తే వరసలో ప్రతి చిలకకూ కన్ను లేదు. గుడ్డి చిలకల అంచని తోటివాళ్ళు ఎగతాళి చేశారు. షావుకారు మనిషి చీరలు తీసుకోనన్నాడు. పేరయ్యను పిలిచి చూపిస్తే, అట్టలు దించకుండానే, పోగును పైకి లాగే కొక్కెం సరిగా లేవడం లేదు, మగ్గం చూసుకోండి అనేశాడు. అట్టలు దించి మళ్ళీ కట్టాలంటే ఒక పూట పని. అంతకన్నా, తాను కొట్టిన అట్టలో తప్పుంటుందని ఆయనకు తోచనే లేదు.

రావమ్మ ఒకటే మాట అంది. "కొక్కెం లేవకపోతే చిలకంతా చెడాలి గదయ్యా. ఒక్క కన్నే ఎందుకు పోద్ది?"

ఎవరూ వినలేదు. నాలుగు రోజులు ఆమె మగ్గం ఆగిపోయింది. కొక్కేలన్నీ విప్పి చూశారు. ప్రతి రోజూ ఎవరో ఒకరు వచ్చి నీ పోగులు సరిగా లేవనో, నీ చూపు మందగించిందనో అనేవారు. ఆమె అరవలేదు, ఏడవలేదు. కొక్కెం కాదు, అట్ట చూడండి అని వచ్చినవాళ్ళందరికీ అదే గొంతుతో చెప్పింది. అయిదో రోజు చలపతిరావుగారు వచ్చి, అట్టలు దింపించి, ఒక్కో అట్టనూ పాత అట్టతో కలిపి వెలుతురుకు పట్టారు. ఒకచోట వెలుగు రాలేదు. పొరపాటైందండి అని పేరయ్య చలపతిరావుగారితో అన్నాడు. రావమ్మతో ఏమీ అనలేదు. ఆమె అడగనూ లేదు. ఆ రోజు నుంచి ఆయన వెలుతురుకు పట్టి చూడకుండా ఒక్క అట్టనూ ఇంట్లోంచి బయటికి పంపలేదు. ఆ మంచి పేరుతోనే నలభై ఏళ్ళు అన్నం తిన్నాడు.

ఇప్పుడు మళ్ళీ చూడకుండానే ఉందన్నాడు.

పేరయ్య జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని రెండో కంకిని దగ్గరగా పట్టుకున్నాడు. కుడివైపు మూడో రెమ్మ. చివర గింజ ఉంది. గింజ మధ్య సూది గుర్తు కూడా ఉంది. అట్టలు కలిపి పట్టుకుని పొడిచినప్పుడు రెండో అట్టకూ ఆ గుర్తు పడింది. గుర్తు కనపడేసరికి చెయ్యి అక్కడో గింజ వేసేసింది. అరవై రెండు ఉండాల్సినచోట అరవై మూడూ ఉన్నాయి.

ఆయన కూతుర్ని పిలిచి చూపించాడు. సాయి సుధ అట్టల్ని అటూ ఇటూ తిప్పి, వెనక తాను రాసుకున్న జవాబు చూసి, మళ్ళీ కంకిని చూసింది.

"మరి మిగతా ఆరుగురూ చూపించారు కదా నాన్నా?"

"ఏం చూపించారో అడుగు."

అందరికన్నా ముందు తేడా కనిపెట్టింది అభిరామ్. పిలిచి అడిగితే వాడు కంకి మీద ఎడమవైపు ఎక్కడో వేలు పెట్టాడు. మొన్న ఇక్కడ కాదు కదరా, ఇటువైపు కదా చూపించావు అంటే వేలు కుడివైపుకు జరిపాడు.

"మొన్న ఇక్కడ పెడితే శభాష్ అన్నావు టీచర్," అన్నాడు.

మిగతా అయిదుగురూ వాడు పెట్టినచోటే పెట్టారు. సాయి సుధ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఇరవై రెండు మంది పిల్లలు, వంట, బరువులు తూచడం, ఫోనులో ఎక్కించాల్సిన వివరాలు. కుడివైపు వేలు పడింది కదా అనుకుని దాటేసింది.

పేరయ్య పిల్లలందరినీ దగ్గరికి రమ్మన్నాడు. రెండు కంకులూ పైకెత్తి చూపించి, ఇందులో తేడా లేదు, వెయ్యడం నేను మర్చిపోయాను, లేదని చెప్పింది నాగజ్యోతి ఒక్కతే అన్నాడు. పిల్లలకు అదేమంత వింతగా అనిపించలేదు. మళ్ళీ చెప్పుల దగ్గరికి పరిగెత్తారు. నాగజ్యోతి మాత్రం కదల్లేదు.

"నువ్వు చెప్పిందే నిజమమ్మా. తప్పు నాది," అన్నాడు ఆమెతో.

పిల్ల కాసేపు ఆలోచించింది.

"మా మామ్మకు చెప్పు," అంది.

మాణిక్యాంబ ఇంటి ముందు పట్టా మీద మినుములు ఎండబోసి కాళ్ళతో తిరగేస్తోంది. పిల్ల వేలు పట్టుకుని వస్తున్న పేరయ్యను చూసి ఏం జరిగిందోనని ఆగిపోయింది. ఆయన రెండు అట్టలూ ఆమె చేతికిచ్చి సంగతంతా చెప్పాడు. ఆమె పొలం చేసిన మనిషి. కంకుల్ని రెమ్మ రెమ్మా చూసింది.

"ఒక్క గింజ కోసమా అన్నయ్యగారూ," అంది చివరికి. "నేను దీని చెవి మెలేశాను. అందరికీ కనపడింది నీకెందుకు కనపడదే అని."

"నేను చేసిన పనికేనమ్మా, మీరేం చేస్తారు."

ఆమె మనవరాలి చెవి మీద చెయ్యి పెట్టి ఊరికే అలా ఉంచింది. తర్వాత లోపలికి వెళ్ళి ఆయనకు మజ్జిగ తెచ్చింది. జూన్ సంగతి ఏమవుతుందని అడిగింది. రాసి పంపింది మార్చాలి, మార్చినా చూసేది సూపర్‌వైజరు కదా అన్నాడు పేరయ్య. తాను ఆవిడ వచ్చేదాకా ఊరికి వెళ్ళనని కూడా చెప్పాడు.

కనకదుర్గ తర్వాతి గురువారం వచ్చింది. అప్పటికే సాయి సుధ ఫోను చేసి, తాను రాసింది తప్పని చెప్పింది. అయినా పేరయ్య తన నోటితో మళ్ళీ మొదటినుంచీ చెప్పబోయాడు. సూది గుర్తుల దాకా వచ్చేసరికి ఆవిడ నవ్వింది.

"సరే బాబాయిగారూ, బొమ్మ తప్పయింది. పిల్ల ఎలా ఉందో చూద్దాం."

నాగజ్యోతిని చాప మీద కూర్చోబెట్టి, మొదట వేసిన పది జతల వరస మార్చి ఒక్కో జతే ముందు పెట్టింది. పేరయ్య గుమ్మం బయట మెట్టు మీద కూర్చున్నాడు. మాణిక్యాంబ కిటికీ దగ్గర నిలబడింది. పిల్ల పడవను చూసింది. చాలాసేపు చూసింది. కనకదుర్గ చేతి గడియారం చూసుకుంది. ఆవిడ మళ్ళీ రేపల్లె బండి అందుకోవాలి. పిల్ల తెడ్డు ఉండాల్సినచోట వేలు పెట్టింది. సైకిలు బెల్లు. కోడిపెట్ట తోక. మగ్గం దగ్గర ఇంకా ఆలస్యమైంది, కానీ సరిగానే చెప్పింది. ఆవిడ తొందరపెట్టలేదు. ఆ సంగతి పేరయ్య తర్వాత చాలామందికి చెప్పాడు. గడియారం చూసుకుంది గాని పిల్లను తొందరపెట్టలేదు అని.

ఎనిమిదోదిగా వరి కంకి వచ్చింది. పిల్ల రెండు అట్టలనూ చూసి, రెండింటినీ పక్కకు తోసేసింది.

"ఇందులో లేదు. అట్టల తాత మర్చిపోయాడు."

"నువ్వు మళ్ళీ ఒకసారి చూస్తావా?" అంది కనకదుర్గ.

"చూశాను. లేదు."

ఆవిడ ఆ అట్టలు చేతిలోకి తీసుకుని తానే గింజలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. సగంలో తప్పిపోయి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. తర్వాత కలం తీసి ఒకటో తరగతికి వెళ్ళే పిల్లల పేర్లలో ఏడో పేరుగా నాగజ్యోతి పేరు రాసింది. కిటికీ దగ్గరున్న మాణిక్యాంబ ఇంటికి వెళ్ళి కిలో మినప్పప్పు మూటగట్టుకొచ్చి పేరయ్య సంచిలో పెట్టింది. వద్దమ్మా, తప్పు చేసినవాడికి ఇస్తారా ఎవరైనా అంటే, వచ్చి చెప్పినందుకు ఇస్తున్నానంది.

ఊరికి బయల్దేరే ముందు పేరయ్య రెండో కంకి మీద ఆ గింజను గీకెయ్యబోతే సాయి సుధ ఆపింది. దాన్నలాగే ఉంచమంది. వెనక రాసుకున్న జవాబును కొట్టేసింది. అప్పటిదాకా ప్రతి జతకూ పిల్లల్ని ఆమె అడిగేది, తేడా ఎక్కడుంది అని. ఆ రోజు నుంచి, తేడా ఉందా అని అడగడం మొదలుపెట్టింది. అలాంటివే ఇంకో రెండు జతలు, తేడా లేనివి, కావాలని వేసివ్వమని తండ్రిని అడిగింది.

"అవైతే నాకు తేలిక," అన్నాడు పేరయ్య.

కొత్తవి వెయ్యడానికి కొలత కావాలని వరి కంకి జతను సంచిలో పెట్టుకున్నాడు. చీరాలలో బండి దిగి ఆటోలో ఈపురుపాలెం వచ్చాక ఇంటికి వెళ్ళలేదు. రావమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె మగ్గం దిగి చాలా ఏళ్ళయింది. వసారాలో కూర్చుని మనవడి మగ్గానికి రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. ఒకే ఊళ్ళో ఉంటూ ఇన్నేళ్ళలో పెళ్ళిళ్ళలో, బజారులో ఎన్నిసార్లు ఎదురుపడ్డారో లెక్కలేదు. బాగున్నావా అక్కా అంటే బాగున్నానయ్యా అనుకునేవారు. అంతే.

"ఏంటి పేరయ్యా, ఇలా వచ్చావు?" అందామె.

ఆయన అరుగు మీద కూర్చుని అట్టలు రెండూ తీసి ఆమెకిచ్చాడు.  ఆమె రాట్నం ఆపి, వాటిని పక్కపక్కన పెట్టి చూసింది. కళ్ళు ఆనక అరచేత్తో ఎండ అడ్డం పెట్టుకుని చూసింది. గింజల మీద బొటనవేలు పెట్టి రెమ్మ రెమ్మా జరుపుకుంటూ వెళ్ళింది. ఆయన ఎదురుచూశాడు.

"నన్నేం చూడమంటావయ్యా?" అంది. "రెండూ ఒకటేగా."

"ఒకటేనక్కా."

అప్పుడు చెప్పాడు. పిల్ల సంగతి చెప్పాడు, దాని గొంతు సంగతి చెప్పాడు. చెబుతూ చెబుతూ చిలక కన్ను దగ్గరికి వచ్చాడు. ఆ రోజు నీతో అనాల్సిన మాట చలపతిరావుగారితో అన్నానక్కా అన్నాడు. నువ్వు ఆ నాలుగు రోజులూ మాట మార్చకపోబట్టే నేను పని నేర్చుకున్నాను అన్నాడు.

రావమ్మ తెగిన నూలు కొస వెతికి పట్టుకుని ముడి వేసింది.

"నాలుగు కాదు, అయిదు రోజులు," అంది. "అయిదో రోజు మధ్యాహ్నం ఎక్కాను మగ్గం."

"అయిదే అక్కా."

"ఆ పిల్ల పేరేంటి?"

చెప్పాడు. ఆమె అట్టలు రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పెట్టి, అంచులు కలిసేలా చేత్తో తట్టి, ఆయనకు తిరిగి ఇచ్చింది.